పార్వతీపురం పాటకు ఓ ఇల్లు

అమెరికాలో మేముండే టల్సా నుంచి దక్షిణంగా గంటకు పైగా కారులో వెళితే ఒకీమా అనే చిన్న ఊరు వస్తుంది. జనాభా మూడు వేల పైచిలుకు. ఎండలు ముదిరాయంటే మన రాజాం, పాలకొండ వీధుల్లాగే అక్కడా మధ్యాహ్నం పూట పురుగు కనిపించదు. అయినా ఏటా జూలై నడిమికి ఆ ఊరు కిటకిటలాడుతుంది. గిటార్లు భుజాన వేసుకుని ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి దిగుతారు. 1912 జూలై 14న ఆ ఊళ్ళో పుట్టిన వుడీ గత్రీ అనే పాటగాడి పేరు మీద 1998 నుంచి అక్కడ ఉత్సవం జరుగుతోంది.

కమ్యూనిస్టులతో తిరిగాడని గత్రీ పేరెత్తితే సొంత ఊరి పెద్దలు చాలాకాలం ముఖం చిట్లించారు. తర్వాత మెల్లగా మనసు మార్చుకున్నారు. ఇప్పుడు ఆ ఊరి నీళ్ళ ట్యాంకు మీద ఉన్నది ఆయన పేరే. టల్సా నడిబొడ్డున 2013లో ఆయన పేర ఒక కేంద్రం తెరిచారు. ఆయన చేత్తో రాసుకున్న పాటల కాగితాలు, ఉత్తరాలు, డైరీలు, గీసిన బొమ్మలు అన్నీ అక్కడ భద్రంగా ఉన్నాయి. ఒక్క పాటలే మూడు వేల దాకా ఉంటాయంటారు. వాటిలో చాలావాటికి ఆయన కట్టిన వరస ఎవరికీ తెలియదు. అయినా కాగితం ఉంది. కాగితం మీద పేరుంది.

ఆ కేంద్రానికి ఎప్పుడు వెళ్ళినా నా మనసు పార్వతీపురం వైపు పోతుంది. అక్కడ పుట్టిన ఇంకో పాటగాడు గుర్తొస్తాడు. వంగపండు ప్రసాదరావు.

మాది పార్వతీపురానికీ బొబ్బిలికీ మధ్యనున్న పల్లె. వంగపండు పుట్టింది 1943లో, పార్వతీపురం పక్కనే ఉన్న పెదబొండపల్లిలో. ఒకవైపు నాగావళి పారే పల్లపు పొలాలు, ఇంకోవైపు ఒడిశా దాకా సాగే కొండలు. కొండ మీద సవరలు, జాతాపులు. కింద వరి, చోడి, చెరకు. వానాకాలం ఉభాలు (వరినాట్లు) మొదలైతే మళ్ళ నిండా పాటే. సంక్రాంతి దాటితే పనుల కోసం మూటాముల్లె సర్దుకోవడమే. మా తాతల తరం రంగం (రంగూను) పోయింది. మా నాన్నల తరం విశాఖపట్నం, విజయవాడ పోయింది. మా తరం విమానాలెక్కింది. ఊరు వదలడం మాకు కొత్త కాదు. ఊరి పాటను వెంట తీసుకెళ్ళడమూ కొత్త కాదు.

పాటకు కరువు లేని నేల అది. ఛాతీకి రేకు బిళ్ళలు కట్టుకుని, కాళ్ళకు గజ్జెలు వేసుకుని, వానల కోసం గంగమ్మను తలుచుకుంటూ ఆడే తప్పెటగుళ్ళు మావే. మద్దెల హోరులో సత్యభామ సవాళ్ళు విసిరే తూర్పు భాగోతం మాదే. జముకుల కథ మాదే. జముకు చూడనివాళ్ళకు చెబుతాను: గొట్టంలాంటి చెక్క వాద్యం, ఒక చివర తోలు బిగించి ఉంటుంది, ఆ తోలు మధ్యలోంచి నరం తీగ వస్తుంది. చంకలో ఇరికించుకుని తీగ మీటితే అది జమ్ జమ్ మంటూ కథ చెప్పేవాడికి వంత పలుకుతుంది.

ఆ జముకును రాజకీయ సభలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన పేరు సుబ్బారావు పాణిగ్రాహి. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారి. పొద్దున అర్చన, సాయంత్రం జముకుల కథ. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం సభకు వెళ్తున్నవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేస్తే కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. అక్కడి నుంచి శ్రీకాకుళం గిరిజనుల ఉద్యమం ఆయుధాల దారి పట్టింది. పాణిగ్రాహి పాటలూ ఆ దారినే నడిచాయి. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో ఆయన ప్రాణం పోయింది. ఉద్యమాన్ని నడిపించిన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం 1970 జూలైలో పోయారు. వుడీ గత్రీ న్యూయార్కు ఆసుపత్రిలో కన్నుమూసింది కూడా 1967 అక్టోబరులోనే. ఈ రెంటికీ సంబంధమేమీ లేదు. కానీ ఒకే నెలలో అక్కడొక పాటగాడి గొంతు ఆగిపోవడం, ఇక్కడొక తరం పాటకు కారణం పుట్టడం నాకు గుర్తుండిపోయింది.

వంగపండు ఆ కారణంలోంచి వచ్చిన మనిషి. విశాఖపట్నం షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. మన దేశం స్వాతంత్ర్యం వచ్చాక జలప్రవేశం చేయించిన ‘జల ఉష’ ఓడ 1948లో తయారైంది అక్కడే. ఇనుము, వెల్డింగు, షిఫ్టు సైరను, సింధియా జంక్షన్‌లో టీ. పల్లెలో ఉభాల పాట విని పెరిగిన చెవికి ఫ్యాక్టరీ చప్పుడు తోడైంది. ‘యంత్రమెట్లా నడుస్తు ఉందంటే’ అనే ఆయన పాట విన్నవాళ్ళకు ఈ రెండూ కలిసిన చోటు తెలుస్తుంది. యంత్రం నడిచే తీరును చెబుతూ చెబుతూ, దాన్ని నడిపే మనిషి చెమట దగ్గరికి మనల్ని తీసుకొస్తుందా పాట. ఆఫీసు కుర్చీలో కూర్చుని కార్మికుడి మీద జాలిపడి రాసిన పాటలు మనకు చాలా ఉన్నాయి. ఇది యంత్రం పక్కన నిలబడ్డవాడు రాసిన పాట.

1972లో విప్లవ కళాకారుల బృందం జననాట్యమండలి ఏర్పడింది. బి. నర్సింగరావు, గద్దర్, వంగపండు దాని తొలినాళ్ళ పేర్లు. అప్పటినుంచి చనిపోయేదాకా వంగపండు రాసిన పాటలు మూడు వందలకు పైమాటే. ‘భూమి భాగోతం’ అనే నృత్యరూపకం ఊరూరా తిరిగింది. పేరులోనే ఉంది చూడండి, తూర్పు భాగోతం ఆడిన నేల మీద సత్యభామ స్థానంలో భూమి వచ్చి నిలబడింది.

అన్ని పాటలు ఎలా రాయగలిగారని ఎవరైనా అడిగితే నా జవాబు ఒకటే: పాట అవసరపడింది కాబట్టి. రేపు సమ్మె ఉంటే ఈ రాత్రికి పాట కావాలి. ఎల్లుండి సంస్మరణ సభ ఉంటే దానికొకటి కావాలి. కరువొస్తే కరువు మీద, ధరలు పెరిగితే ధరల మీద. గది తలుపు మూసుకుని ప్రేరణ కోసం ఎదురుచూసే వెసులుబాటు ఆ వృత్తిలో లేదు. గత్రీదీ అదే కథ. 1941లో అమెరికా ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఒకటి కొలంబియా నదీ ఆనకట్టల గురించి పాటలు రాయమని నెల రోజులు పనిలో పెట్టుకుంటే 26 పాటలు రాసిచ్చాడు. జీతం 266 డాలర్లు. పాటకు పది డాలర్లన్నమాట. వాటిలో కొన్ని ఈనాటికీ అక్కడి బడిపిల్లలు పాడుతున్నారు. తొందరలో రాసింది తేలిపోతుందనే నమ్మకం కాగితం మీద బతికే సాహిత్యానికి చెల్లుతుందేమో. మైదానంలో నిలబడాల్సిన పాట సంగతి వేరు. అది ఆ సాయంత్రమే పరీక్షకు కూర్చుంటుంది. జనం అందుకోకపోతే మర్నాటికి ఉండదు.

వంగపండు పాట జనం నోటికి అంత తేలిగ్గా ఎలా ఎక్కిందో నాకు చేతనైనంత గమనించాను. పల్లవి పొట్టిగా ఉంటుంది. ఒకసారి వింటే రెండోసారి గుంపు అందుకుంటుంది. చరణం చాలాసార్లు ఇద్దరి మాటల్లా నడుస్తుంది, ఒకరు అడిగినట్టు, ఇంకొకరు చెప్పినట్టు. వంత పాడేవాళ్ళకు అక్కడ పని దొరుకుతుంది. వాక్యం ఎంత పొడుగుండాలో గజ్జె చెబుతుంది. అడుగు పడేచోట మాట పడుతుంది, అందుకే ఊపిరి తీసుకోవడానికి పాడేవాడు ఎక్కడా తడుముకోడు. ఇక భాష మా ఊరిది. ‘వెళ్దాం వస్తావా’ అని రాస్తే అది పుస్తకంలో ఉండేది. ‘ఎల్దమొస్తవ’ అన్నారు కాబట్టి కళ్ళం దాకా వచ్చింది.

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ గురించి తెలుగువాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. సరదాగా పిలిచినట్టు మొదలవుతుంది. ఎక్కడికి పిలుస్తున్నారో తెలిసేసరికి మనం శ్రీకాకుళం కొండ మీద ఉంటాం. అక్కడ పిట్టలూ జంతువులూ యుద్ధానికి సిద్ధమవుతుంటాయి. చిన్నవీ బలహీనమైనవీ అనుకున్న ప్రాణులు ఆయుధాలు పట్టుకుంటాయి. పిల్లలకు చెప్పే కథలా వినిపించే పాటలో ఒక ఉద్యమ చరిత్ర మొత్తం దాచిపెట్టారాయన. విన్నవాడికి కథ కావాలంటే కథ, రాజకీయం కావాలంటే రాజకీయం. ఈ రెండు అరలే ఆ పాటకు బలం. తర్వాత జరిగిన దానికి కారణం కూడా ఆ రెండు అరలే.

జరిగింది ఏమిటంటే, పాట బతికింది, పేరు జారిపోయింది.

టల్సాలో నాకు జగిత్యాల మిత్రుడొకరున్నారు. శనివారం సాయంత్రం నలుగురం కూడితే పాటల్లేకుండా లేవం. ఒకసారి ‘ఏం పిల్లడో’ ఎత్తుకున్నాడు. బాగా పాడతాడు.

“ఇది ఎవరి పాటనుకుంటున్నావు తమ్ముడూ?” అన్నాను.

“గద్దరన్న పాట గాదా అన్నా? మేం చిన్నప్పటి సంది గట్లనే అనుకుంటున్నం.”

“పాడింది ఆయన కూడాను. రాసింది మా పార్వతీపురపాయన.”

అతను కాసేపు ఊరుకుని, “గద్దరన్న నోట ఇన్నం, ఆయన్దే అనుకున్నం. ఇంకెన్ని పాటలు గిట్లనే అనుకుంటున్నమో!” అన్నాడు. నిజాయితీ గల మాట. గద్దర్, వంగపండు ఒకే వేదిక మీద గజ్జె కట్టినవాళ్ళు. ఒకరి పాట ఒకరి నోట నలగడం వాళ్ళకు మామూలు. వంగపండు 2020 ఆగస్టు 4న పోతే, గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. ఒకాయన పేరు తెలుగునేలంతా తెలుసు. రెండో ఆయన పేరు సగం మందికి ఎందుకు తెలియదు?

నాకు తోచిన కారణాలు చెబుతాను. హైదరాబాదులో పత్రికలున్నాయి, సినిమా ఉంది, రాజధాని ఉంది. పార్వతీపురంలో రాయపూర్ వెళ్ళే రైలుంది. తెలంగాణలో పాటకు రెండో జన్మ దొరికింది. అక్కడ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం పాత పాటలను మళ్ళీ మైకు ముందుకు తెచ్చింది, కొత్తవాళ్ళను తయారుచేసింది, 2014లో రాష్ట్రం వచ్చింది, 2024లో అందెశ్రీ పాట రాష్ట్ర గీతమైంది. పాటగాడికి అక్కడ సమాజంలో ఒక కుర్చీ ఏర్పడింది. ఉత్తరాంధ్రకు అలాంటి రెండో సందర్భం రాలేదు. కొండ మీది ఉద్యమం అణిగిపోయింది. కింద పల్లెలు వలసలకు ఖాళీ అయ్యాయి. పాట మాత్రం పాడేవాళ్ళ వెంట బస్సులెక్కి, రైళ్ళెక్కి వెళ్ళింది. ఎవరు రాశారో చెప్పేవాళ్ళు ఊళ్ళో ఉండిపోయారు.

ఇంకో కారణం ఉద్యమంలోనే ఉంది. పాట ఉద్యమానిది, రచయిత పేరు రెండోది అనే ఆలోచనకు అక్కడ గౌరవం ఎక్కువ. రహస్యంగా బతకవలసి వచ్చిన రోజుల్లో పేరు చెప్పకపోవడమే క్షేమం కూడా. ఆ నియమంలో ఉన్న త్యాగాన్ని నేను తక్కువ చేయను. కానీ దాని ఫలితం ఎవరు అనుభవించారో కూడా చూడాలి. పేరులేని పాట దొరికితే ముందు చేయి వేసేది వ్యాపారం.

సినిమాకు వంగపండు అంటరానివాడేమీ కాదు. 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ తీసినప్పుడు ఆయన పాట తెర మీదికి వచ్చింది. తర్వాత చాలా సినిమాలకు రాశారు. అవి ఆయనను అడిగి తీసుకున్న పాటలు, తెర మీద పేరు పడిన పాటలు. 2009లో ‘మగధీర’ వచ్చినప్పుడు సంగతి వేరు. అందులో ఒక పాటలో తన పల్లవి మాటలు వినిపించాయని, తనను అడగలేదని వంగపండు అభ్యంతరం చెప్పారు. పాట జనానిదే అని జీవితమంతా పాడిన మనిషి ఆరోజు నా పాట అన్నారు. కొందరికి అది వింతగా తోచింది. నాకు తోచలేదు. కూలివాడు పాడుకుంటే ఆయన ఎప్పుడూ అడగలేదు. కోట్లు పెట్టి కోట్లు తీసుకునేవాళ్ళు పాడుకుంటే అడిగారు. ఈ తేడా తెలియనివాడు ఆయన పాటలు సరిగ్గా విననట్టే.

పైగా అలా సినిమాలోకి వెళ్ళినప్పుడు పాటలో రెండో అర ఊడిపోతుంది. కొండ పోతుంది, ఆయుధం పట్టిన పిట్ట పోతుంది, కొంటెగా పిలిచే పిలుపు ఒక్కటీ మిగులుతుంది. ఇది మన దగ్గరే జరిగే పని కాదు. గత్రీ 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ పాటను అమెరికా బడిపిల్లలంతా పాడతారు. మా అమ్మాయి కూడా నేర్చుకుంది. సొంత ఆస్తి అని కంచె కట్టిన బోర్డును వెక్కిరించే చరణం, గంజి కోసం వరసలో నిలబడ్డ ఆకలి జనం చరణం మాత్రం బడిలో చెప్పలేదు. దేశభక్తి గీతంగా నేర్పడానికి అవి అడ్డు. అయితే ఇక్కడొక వెసులుబాటు ఉంది. తీసేసిన చరణాలు ఏవో చూద్దామని నేను మా అమ్మాయిని గత్రీ కేంద్రానికి తీసుకెళ్ళగలను. “నాన్నా, ఇవి మా టీచరు ఎందుకు చెప్పలేదు?” అని అది నన్ను నిలదీయగలదు. వంగపండు పాటలో పోయిన చరణాలు చూపించడానికి నేను దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలి?

ఈ ప్రశ్న నాలో ఊరికే పుట్టలేదు. మా తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో ఒకసారి చిన్నపిల్లలు ‘ఏం పిల్లడో’కు నాట్యం చేశారు. తళుకుల లంగాలు, ప్లాస్టిక్ కుండలు, కీబోర్డు కలిపిన ట్రాక్. వ్యాఖ్యాత “ఉత్తరాంధ్ర ప్రాచీన జానపద గీతం” అని ప్రకటించింది. పిల్లలు ముద్దుగా ఆడారు. నా పక్కన సాలూరు నుంచి వచ్చిన మా అత్తగారు కూర్చున్నారు. పురుళ్ళకూ పుణ్యాలకూ అమెరికా వచ్చిపోయే అందరు అత్తగార్లలాగే, ఆవిడ కూడా హాల్లో చలికి కొంగు నిండా కప్పుకుని మౌనంగా చూస్తున్నారు. ప్రాచీన అన్నమాట వినగానే ఇటు తిరిగారు.

“ప్రాచీనం ఏటి బాబూ? ఇది వంగపండు పాట కదేటి! మా సిన్నప్పుడు ఆయన గజ్జి కట్టి ఆడతంటే మేం సూడ్డానికెల్లీవోలం.”

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో ఆవిడే ఎత్తుకున్నారు. ట్రాక్‌లో లేని చరణాలు వచ్చాయి. ఒక చరణం దగ్గర ఆగి, ఇది హాస్టలు పిల్లలు ఇలా పాడేవారు, మైదానంలో ఇంకోలా విన్నాను అని రెండు రకాలుగానూ పాడి వినిపించారు. మా అమ్మాయి వెనక సీట్లోంచి ఫోనులో రికార్డు చేసింది. అమ్మమ్మ నోట పాట వస్తుందని దానికి అప్పటిదాకా తెలియదు.

ఆ రోజు నాకు అర్థమైన సంగతి ఇది. వంగపండు పాటలు ఎక్కడికీ పోలేదు. అరవై, డెబ్బై దాటిన ఇలాంటి గొంతుల్లో ఉన్నాయి. పాఠాంతరాలతో సహా ఉన్నాయి. ఏ ఊళ్ళో ఏ చరణం కలిసిందో, ఏ హాస్టల్లో వరస మారిందో ఆ గొంతులకు తెలుసు. అచ్చయిన పుస్తకంలో పాట ఒక రూపంలో ఆగిపోతుంది. నోటిలో ఉన్న పాటకు పది రూపాలుంటాయి. ఆ పదీ కలిస్తేనే ఆయన పాట ఎంత దూరం తిరిగిందో తెలుస్తుంది.

చట్టం సంగతి కూడా ఒక్క మాట చెప్పాలి. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ పాటు రచన మీద హక్కు వారసులకు ఉంటుంది. అంటే వంగపండు పాటలు 2080 చివరిదాకా ఆయన కుటుంబానివి. 2012లో చట్టాన్ని సవరించి, సినిమాకు పాట ఇచ్చినా రాసినవాళ్ళకు రాయల్టీలో వాటా పోకుండా చేశారు. కాబట్టి ఇంకో యాభై ఏళ్ళకు పైగా హక్కుదారులున్న పాటను మనం ‘ప్రాచీన జానపదం’ అని ప్రకటిస్తున్నాం. టికెట్టు పెట్టి ఆడించే కార్యక్రమంలో హిందీ సినిమా పాట వేస్తే లైసెన్సు గురించి ఆలోచించే సంఘాలు ఈ పాట దగ్గర ఆలోచించవు. ఎవరిదీ కాదనుకుంటారు కాబట్టి.

ఉత్తరాంధ్రలో కళకు ఇళ్ళు లేకపోలేదు. విజయనగరంలో గజపతులు 1919లో సంగీత కళాశాల పెట్టి, హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసును దానికి తొలి అధ్యక్షుణ్ణి చేశారు. దాసుగారిది బొబ్బిలి దగ్గరి అజ్జాడ. ఆయనా గజ్జె కట్టి ఆడుతూ పాడినవాడే. సొంతంగా రాసి, సొంతంగా వరస కట్టి, సొంతంగా పాడినవాడే. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్, ఘంటసాల చదువు, అన్నీ ఆ కాలేజీ గోడల మధ్యే. శాస్త్రీయ సంగీతానికి అక్కడ నూరేళ్ళు దాటిన ఇల్లుంది. శ్రీకాకుళంలో కథకు ఇల్లుంది. ‘యజ్ఞం’ రాసిన కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తనకు వచ్చిన పురస్కారాల డబ్బు దానికే పెట్టారు. పాత పత్రికల కోసం ఊరూరా తిరిగారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక చోటికి చేర్చాలని ఒక బడిపంతులు పట్టుబడితే జరిగిన పని అది. ఇప్పుడు ఆ కథల్లో వేలకు వేలు స్కాను చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. టల్సాలో కూర్చుని నేను చాసో కథ మొదట అచ్చయిన పేజీ చూడగలుగుతున్నాను.

విజయనగరంలో సంగీతానికి ఇల్లు, శ్రీకాకుళంలో కథకు ఇల్లు. పార్వతీపురంలో పాటకు ఒక ఇల్లు ఎందుకు ఉండకూడదు?

పెద్ద భవనం గురించి మాట్లాడటం లేదు. కథానిలయం మొదలైందీ పెద్ద భవనంతో కాదు. రెండు గదులు, మంచి మైకులు, విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురు మనుషులు, తిరగడానికి బండి. మొదట పాణిగ్రాహి, వంగపండు పాటలు. తర్వాత ఇప్పటికీ పాటలు కడుతున్న గంటేడ గౌరునాయుడు వంటివాళ్ళవి. తప్పెటగుళ్ళ బృందాలవి, జముకుల కథకులవి, కొండ మీద థింసా ఆడేవాళ్ళవి. కథ అచ్చులో ఉంటుంది, పత్రిక వెతికితే దొరుకుతుంది. పాట దొరకాలంటే మనిషిని వెతకాలి. మనుషులు పత్రికలంత కాలం ఉండరు. అందుకే ఈ పని వాయిదా వేసుకునే రకం కాదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతారు. ప్రవాసంలో ఉన్న మనం ఆ ప్రశ్న అడగకూడదు. రెండేళ్ళకోసారి మనం చేసుకునే మహాసభల ఖర్చు అందరికీ తెలిసిందే. ఒక కథానాయకుణ్ణీ ఆయన పరివారాన్నీ బిజినెస్ క్లాసులో రప్పించి, స్టేజీ మీద మూడు డైలాగులు చెప్పించడానికి పెట్టే డబ్బుతో రెండు గదులు ఏళ్ళతరబడి నడుస్తాయి. సినిమా హీరోలు వద్దనడం లేదు. పక్కన ఒక పాటగాడి పద్దు కూడా రాయమంటున్నాను.

డబ్బుకంటే ముందు చేయగలిగింది ఇంకొకటుంది. మన ఇళ్ళకు ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మలు, అత్తలు, మామలు పొద్దుపోక సీరియళ్ళు చూస్తున్నారు. వాళ్ళను పాడమనండి. సిగ్గుపడతారు. రెండోసారి అడగండి. ఫోను పక్కన పెట్టి రికార్డు చేయండి. పాట అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి: ఎక్కడ నేర్చుకున్నారు, ఎవరి దగ్గర విన్నారు, ఇంకెవరైనా వేరేగా పాడేవారా. ఆ జవాబులు కూడా అందులోనే రికార్డు కావాలి. పిల్లల చేత చేయిస్తే ఇంకా మంచిది. తాతలు మనం అడిగితే దాటేస్తారు గానీ మనవలు అడిగితే దాటేయరు. ఇల్లు కట్టే రోజుకు సరుకు సిద్ధంగా ఉంటుంది.

ఇక సంఘాల నిర్వాహకులకు ఒక మనవి. పాట ప్రకటించే ముందు ఎవరు రాశారో కనుక్కోండి. ఉత్తరాంధ్ర పాటైతే మాలాంటివాళ్ళను అడగండి, తెలిసింది చెబుతాం. వంగపండు పాట ఆడిస్తే, ‘పాట: వంగపండు ప్రసాదరావు, పెదబొండపల్లి’ అని తెర మీద ఒక్క వరస వేయండి. జానపదం అనాలనిపిస్తే అదీ అనండి, అభ్యంతరం లేదు. ఆయన వరసలు జనం దగ్గరే నేర్చుకున్నారు, మాటలు జనం దగ్గరే తెచ్చుకున్నారు. గత్రీ కూడా తన గొప్ప పాటకు వరస కార్టర్ కుటుంబం పాడిన ఒక భక్తిగీతం నుంచే తీసుకున్నాడు. అందుకని దాన్ని ఎవరూ దిక్కులేని పాట అనడం లేదు.

పేరు చెబితే పాట జనానిది కాకుండా పోతుందేమోనని వెనకాడే పాత మిత్రులు కొందరున్నారు. వాళ్ళకు నా జవాబు చిన్నది. పాట జనానిదే. ఆ జనంలో వంగపండు కూడా ఒకరు.